లోపల వదలని గుడ్డ

ఆవిడకి కన్నవాళ్ళు పెట్టిన పేరొకటి ఉంది గానీ, ఆ షెడ్డులో దాంతో ఎవరికీ పని పడలేదు. అందరికీ ఆవిడ మీడియం. "మీడియం ఎక్కడ చచ్చింది? పిలవండి!" అని కట్టింగ్ బల్ల దగ్గర్నుంచి కేక వినబడితే చాలు, ఎక్కడున్నా వచ్చి పక్కనున్న చెక్కపీట ఎక్కి నిలబడాలి. అదే ఆవిడ ఉద్యోగం. ఆడవాళ్ళ కోట్లూ గౌన్లూ కుట్టే షెడ్డు అది. కొత్త రకం ఏదొచ్చినా మొదటి పీసు ఆవిడ ఒంటి మీద వేసి, గుండుసూదులు గుచ్చి, బిగించాల్సిన చోట బిగించి, వదలాల్సిన చోట వదిలి, ఆ తర్వాతే ఆ కొలతలకి అట్ట కోసేవాళ్ళు. ఆ అట్ట పెట్టి కోసిన గుడ్డే మీడియం సైజు. స్మాలూ లార్జూ కూడా ఆవిడ ఒంటినే కాస్త తగ్గించి, కాస్త పెంచి పుట్టించినవి.

షెడ్డు బావది, అంటే అక్క మొగుడిది. బట్టలు తొడిగే బొమ్మని పెట్టుకోవచ్చుగా అని ఎవరైనా అంటే ఆయనకి పౌరుషం పొడుచుకొచ్చేది. "బొమ్మ కూర్చుంటుందా? బొమ్మ చెయ్యెత్తుతుందా? చంకలో పట్టేసిందని బొమ్మ చెబుతుందా?" అనేవాడు. అబ్బో, మహా జ్ఞాని! అసలు సంగతేమిటంటే బొమ్మని కొనాలి. మరదలైతే షెడ్డు పైనున్న ఇంట్లోనే ఓ మూలగదిలో ఉంటుంది, రెండు పూటలా ఇంత తిండి పడేస్తే సరి.

అయితే ఆయన అన్నదాంట్లో ఓ ముక్క నిజం. మీడియానికి నోరుంది. కోటు వేసుకుని రెండుసార్లు చేతులూపి, పీట మీదే గొంతుక్కూర్చుని లేచి, ఉన్నదున్నట్టు మొహాన కొట్టేది. "మెడ దగ్గర కోస్తోంది. ఇది వేసుకుని ఎవరైనా తుమ్మితే బొత్తం ఎగిరి ఎదుటివాడి కంట్లో పడుతుంది," అనేది. కట్టింగ్ మాస్టరు నోట్లో సూదులు పెట్టుకునే నవ్వేవాడు. ఆ నోటి వల్లే ఆ షెడ్డు కోట్లు అమ్ముడుపోయేవి. అది బావకి తెలుసు. తెలిసినా ఒప్పుకుంటాడా?

బావ ఎలాంటివాడో తెలియాలంటే ఆయన కుట్టించిన కోటుని తిరగేసి చూడాలి. దర్జీ అన్నవాడు ఎవడైనా పక్క కుట్టు లోపల రెండు వేళ్ళ గుడ్డ వదులుతాడు. రేపు మనిషి ఒళ్ళు చేస్తే కుట్టు విప్పి వదులు చేసుకోవచ్చు. బావ దగ్గర ఆ పప్పులుడకవు. లోపల గోరంత గుడ్డ, అంతే. "లావైతే ఇంకోటి కొనుక్కుంటారు, మనకేం?" అనేది ఆయన సిద్ధాంతం. జేబులూ అంతే, పైన మూత కనిపిస్తుంది, వేలు పెడితే లోపల సంచి ఉండదు. మాస్టరు పాతకాలం మనిషి, మొదట్లో ఇదేం పాపం అని గొణిగాడు. బావ గట్టిగా ఓ చూపు చూసేసరికి ఆ గొణుగుడు కూడా మింగేశాడు.

రెండేళ్ళ కిందట మీడియానికి పిచ్చెక్కింది. ఇంట్లోవాళ్ళు బయట నరాల నీరసమనీ, వేడి చేసిందనీ నానా పేర్లూ చెప్పుకున్నారు. మీడియం మాత్రం పిచ్చి అనే అంటుంది. నాకొచ్చినదానికి పేరు నేను పెట్టుకుంటాను, మధ్యలో మీ సిగ్గేమిటి అంటుంది.

అది ఎలా మొదలైందో వినండి. ముందు ఆకలి పోయింది. తర్వాత నిద్ర పోయింది. మనిషి సన్నబడింది, కళ్ళు పెద్దవయ్యాయి, చెంపలు లోపలికి పోయి ఓ రకం నాజూకు వచ్చింది. ఆ ఒంటి మీద ఏం వేసినా హ్యాంగరుకి తగిలించినట్టు జారిపోతూ ఉండేది. బావ చంకలు గుద్దుకున్నాడు. పెద్ద దుకాణాల తరఫున ఆర్డర్లిచ్చే మేడం వచ్చి, "ఏం తింటారండీ మీరు? నాకూ చెప్పండి," అని మురిసిపోయి ఫోటో తీసింది. దాన్ని పెద్దది చేయించి బావ ఆఫీసు గదిలో తగిలించాడు. బొత్తాలు కుట్టే ఆడవాళ్ళు, ఇస్త్రీ చేసే కుర్రాడు, చివరికి సొంత అక్క, అందరూ మెచ్చుకున్నవాళ్ళే. మనిషి నిద్రపోవడం లేదు, తనలో తను మాట్లాడుకుంటోంది అని ఒక్కరికి తట్టలేదు. నడుము సన్నగా ఉంది కదా, ఇంకేం కావాలి?

తర్వాత మిషన్ల చప్పుడు మాటలైంది. కుట్టు మిషన్లు కబుర్లు చెప్పేవి. గుడ్డ కోసే కత్తి మిషను మాత్రం ఎప్పుడూ ఒకటే మాట అనేది, ఎంతో ఆప్యాయంగా. "నీకేం కాదు, చెయ్యి పెట్టు." ఓ మధ్యాహ్నం మీడియం చెయ్యి పెట్టింది. మాస్టరు స్విచ్చి మీద పడి ఆపబట్టి చిటికెనవేలు సగంతో సరిపోయింది.

ఆస్పత్రిలో పడుకోబెట్టారు, మాత్రలిచ్చారు. కొన్నాళ్ళకి కుట్టు మిషన్లు మళ్ళీ కుట్టు మిషన్లయ్యాయి. కత్తి మిషను నోరు మూసుకుంది. పడుకుంటే నిద్ర పట్టేది, లేస్తే తెల్లారి ఉండేది. ఇంతకన్నా మనిషికి ఏం కావాలో మీరే చెప్పండి.

కానీ ఆ మాత్రతో పాటు ఆకలి వచ్చింది. అలాంటిలాంటి ఆకలి కాదు. కంచం ముందు నుంచి లేస్తూ లేస్తూనే వంటింట్లో బిస్కెట్ల డబ్బా ఎక్కడుందా అని కళ్ళు వెతికేవి. కడుపు నిండిందని కడుపు చెబుతున్నా, ఇంకా ఇంకా అని ఇంకెవరో లోపల కూర్చుని అడిగేవాళ్ళు. ఏడాది తిరిగేసరికి మీడియం లార్జు దాటింది. మెడ కింద మడత, మెట్లెక్కితే ఆయాసం. చెప్పులు కూడా బిగుతయ్యాయి.

ఇక చూడండి, జనానికి నోళ్ళు లేచాయి. పిచ్చిలో ఉన్నప్పుడు కిమ్మనని వాళ్ళంతా ఇప్పుడు డాక్టర్లయ్యారు. ఒకావిడ వేణ్ణీళ్ళు తాగమంది. ఇంకొకావిడ అసలు నీళ్ళే తగ్గించమంది. ఇస్త్రీ కుర్రాడు, వాడికి మీసం కూడా సరిగ్గా రాలేదు, "నోరు కట్టుకోవాలక్కా," అన్నాడు నోట్లో బన్ను పెట్టుకుని. వీధిలో ఎదురైన ప్రతివాడూ ఎగాదిగా చూసి, "ఏమైంది నీకు? ఇలా అయిపోయావేంటి?" అనేవాడే. నాకు ఏదైనా అయినప్పుడు అడగలేదేరా దద్దమ్మా, బాగున్నప్పుడు అడుగుతున్నావా అని మీడియానికి ఒళ్ళు మండేది. పైకి మాత్రం, "సుఖంగా ఉన్నానండి, అదే జబ్బు," అని నడిచి వెళ్ళిపోయేది.

డాక్టరు సంగతి వేరే చెప్పాలి. సన్నగా పుల్లలా ఉంటాడు. మాత్ర రాసేటప్పుడు బరువు గురించి ఓ ముక్క చెప్పలేదు. పెరిగాక వెళితే కాగితం మీంచి తలెత్తకుండా, "పెరిగారే! నడవండి," అన్నాడు. ఈవిడేదో దొంగతనంగా పెరిగినట్టు! "ఇది మాత్ర వల్లే కదండీ, వేరేది లేదా?" అంటే, "చూద్దాం, ముందు నడవండి," అన్నాడు. ఎక్కడికి నడవాలో చెప్పలేదు. అయినా మీడియం మాత్ర మానలేదు. ఈ మనుషుల్ని ఎంత అసహ్యించుకున్నా, ఆ కత్తి మిషను గొంతుని మాత్రం ఇంకోసారి వినకూడదనుకుంది. కావలిస్తే ఏనుగంత అవుతాను గానీ అది మాట్లాడకూడదు, అంతే.

మాత్రలు అక్క చేతిలో ఉండేవి. ఆస్పత్రి నుంచి తెచ్చిన రోజు మొదలు అంతే. రేకుల్లోంచి ఊడదీసి, బొత్తాలు పోసుకునే పాత రేకు డబ్బాలో వేసి, రాత్రి భోజనమయ్యాక ఒకటి తీసి చెల్లెలి అరచేతిలో పెట్టేది. నర్సులు అలాగే ఇచ్చేవాళ్ళు కాబట్టి అదే శాస్త్రమనుకుంది. మీడియం గుటుక్కున మింగి గ్లాసుడు నీళ్ళు తాగేసేది, ఎందుకంటే ఆ మాత్ర నాలిక మీద క్షణం ఆగినా విషమంత చేదు. బావైతే ఆ డబ్బాని ముట్టుకునేవాడు కాదు. ఒకసారి అక్క దాన్ని కట్టింగ్ బల్ల మీద మరిచిపోతే కత్తెర మొనతో పక్కకి నెట్టాడు. ఆ మందు వాసన చూసినా తనకీ పిచ్చెక్కుతుందని ఆయన భయం. ఇంత పెద్ద షెడ్డు నడిపే మగవాడి బుర్ర అది.

మీడియం లావయ్యాక పీట మీదకి బొత్తాలు కుట్టే అమ్మాయిల్ని ఒకరి తర్వాత ఒకర్ని ఎక్కించి చూశారు. సన్నగానే ఉన్నారు. కానీ యజమాని ఎదుట నిలబడి ఇక్కడ పట్టేసింది అని చెప్పే ధైర్యం ఏ ఒక్కదానికీ లేదు. ఊపిరాడకపోయినా, "బాగుంది సార్," అనేవాళ్ళు. కోట్లు దుకాణాల నుంచి తిరిగొచ్చాయి. ఆర్డర్ల మేడం వచ్చి మొహం మాడ్చుకుంది. "మీ మీడియంలో పాత మీడియం లేదండీ. వచ్చే సీజను శాంపిల్ ఆవిడ మీదే చూపించండి, లేదంటే వేరే షెడ్డు చూసుకుంటాను," అని చెప్పేసింది. అంటే ఆవిడకి మీడియం నోరు కావాలి, ఫోటోలో ఉన్న నడుమూ కావాలి.

ఆ సాయంత్రం నుంచి బావ ఓ వారం ఇంట్లో అక్కతో గుసగుసలాడాడు. తర్వాత కొన్నాళ్ళకి మాత్ర కాస్త లావుగా ఉన్నట్టనిపించి మీడియం అడిగితే, "కంపెనీ మార్చారే," అంది అక్క, కళ్ళు పక్కకి తిప్పుకుని. లోకంలో సగం మాత్రలు తెల్లగా గుండ్రంగానే ఉంటాయి కదా అని మీడియం మింగేసి నీళ్ళు తాగింది.

రెండు నెలలు గడిచాయి. ఆకలి తగ్గింది. బిస్కెట్ల డబ్బా వంటింట్లో ఉన్న సంగతే గుర్తుండేది కాదు. తెల్లవారుజామునే మెలకువ వచ్చేది, తర్వాత ఇంకా ముందే. మెట్లు రెండేసి చొప్పున ఎక్కేది. "తగ్గావే!" అంది బొత్తాలావిడ. "తగ్గావ్ తగ్గావ్!" అన్నారు మిగతావాళ్ళు. ఇస్త్రీ కుర్రాడు తన సలహా వల్లే అనుకుని కాలరెగరేశాడు. బావ రెండేళ్ళలో మొదటిసారి కుర్చీ జరిపి, "కూర్చో అమ్మాయ్," అన్నాడు. మీడియానికి సంతోషం వేసింది. దాచడమెందుకు, చాలా సంతోషం వేసింది. అద్దం ముందు పక్కకి తిరిగి నిలబడి పొట్ట చూసుకుంది. ఎవరి మెప్పునైతే కాలికింద చెప్పులా చూసేదో, వాళ్ళ నోటి నుంచి ఇంకో మాట రాలుతుందేమోనని వాళ్ళ ముందు నుంచే రెండుసార్లు నడిచింది. తర్వాత తలచుకుని తనని తాను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయడానికి వీల్లేదు.

శాంపిల్ చూపించాల్సిన రోజు పొద్దున, మేడం ఇంకా రాలేదు. మాస్టరు బల్ల మీద గుడ్డ పొరలు పరిచి, కత్తి మిషను ఆన్ చేశాడు. మీడియం ఏదో పని మీద అటు వెళ్ళింది, ఏం పనో తర్వాత ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు. చూసుకుంటే ఎడమ చెయ్యి గుడ్డ పొరల మీద ఉంది. మిషను మాట్లాడుతోంది. పాత స్నేహితురాలు పలకరించినట్టే ఉంది. "నీకేం కాదు," అంటోంది. మీడియానికి భయం కూడా వెయ్యలేదు.

"అమ్మాయ్! చెయ్యి తియ్!" అని మాస్టరు స్విచ్చి నొక్కాడు. మిషను ఆగింది. మీడియం తన సగం వేలు వంక చూసుకుంది.

"ఏంటి, పడిపోయేలా ఉన్నావ్? తిన్నావా?" అన్నాడు మాస్టరు. ఆ పక్క నుంచి బట్టల మోపుతో పోతూ ఇస్త్రీ కుర్రాడు, "అక్కా, ఇవాళ అదిరిపోయావ్! ఫోటోలో ఉన్నట్టే ఉన్నావ్!" అన్నాడు.

ఫోటోలో ఉన్నట్టే. ఆ మాటతో మీడియానికి నెత్తిన నీళ్ళు కుమ్మరించినట్టయింది. ఇంతమంది ఇంతలా మెచ్చుకుంది ఇంతకు ముందు ఒక్కసారే. అప్పుడేమైందో ఈ చెయ్యే చెబుతుంది. వీళ్ళు మెచ్చుకుంటున్నారంటే నాకేదో అయింది అనుకుంది.

గబగబా పైకి వెళ్ళింది. వంటింట్లో ఎవరూ లేరు. రేకు డబ్బా తీసి ఓ మాత్ర పంటి కింద పెట్టి కొరికింది. చేదు లేదు. సుద్దముక్కలా పొడిపొడిగా, కాస్త తియ్యగా ఉంది. ఫ్రిజ్ మీద అక్క మోకాళ్ళ నొప్పికి వేసుకునే కాల్షియం సీసా ఉంది. అందులోంచి ఒకటి తీసి కొరికింది. అదే సుద్ద, అదే తీపి.

అక్కడే కూలబడింది. కోపం కన్నా ముందు భయమేసింది. నా మందు మార్చేశారు అని కిందకి వెళ్ళి అరిస్తే ఏమంటారు? మళ్ళీ మొదలైంది పాపం అంటారు. పిచ్చి ఆస్పత్రిలో పక్క మంచాల వాళ్ళంతా అదే మాట అనేవాళ్ళు, నా మందు మార్చారు, నా అన్నంలో కలిపారు అని. నర్సులు సరే సరే అని తలూపి సూది పొడిచేవాళ్ళు. పోనీ ఇది నిజంగా నా బుర్ర అల్లిన కథేనేమో? ఇంకోటి కొరికింది. తియ్యగానే ఉంది. బుర్ర ఏమైనా అల్లుతుందేమో గానీ నాలిక అల్లదు కదా అని ధైర్యం చెప్పుకుంది.

"మీడియం! మేడం వచ్చారు! రా!" అని కింద నుంచి బావ కేక.

మీడియం మొహం కడుక్కుంది. రేకు డబ్బా పట్టుకుని మెట్లు దిగింది.

పీట ఎక్కింది. మాస్టరు కొత్త కోటు తొడిగి వీపు దగ్గర సూదులు గుచ్చాడు. అక్క తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది. మేడం చుట్టూ తిరిగి చూసి చప్పట్లు కొట్టినంత పని చేసింది. "హమ్మయ్య! మళ్ళీ మనిషయ్యారండీ! ఇన్నాళ్ళూ ఏదోలా ఉండేవారు. ఏం చేశారేంటి?"

"నేనేం చెయ్యలేదండి, మా అక్కే చేసింది. ఇవి ఇస్తోంది రోజూ," అని మీడియం డబ్బా మూత తీసి చూపించింది.

అక్క మొహంలో రంగు దిగిపోయింది.

"ఏం మాత్రలవి? సన్నబడ్డానికా?" అంది మేడం ఆశగా. తర్వాత ఏదో గుర్తొచ్చి ఓ అడుగు వెనక్కి వేసింది. "మీకేదో తలకి సంబంధించి వాడుతున్నారని విన్నాను... ఇవి అవా?"

"అబ్బే, అదేం లేదు మేడం," అని బావ మధ్యలో దూరాడు, పళ్ళికిలించి. "ఏవో బలానికి. మామూలు మాత్రలు."

"అదే చెప్పు బావా, మేడం భయపడుతున్నారు," అంది మీడియం. "ఒకటి వేసుకుని చూపించు. అప్పుడు నమ్ముతారు."

"అంతేనా? ఓస్!" అన్నాడు బావ. డబ్బాలో వేళ్ళు పెట్టి ఒకటి కాదు, రెండు తీసి నోట్లో వేసుకుని కరకరా నమిలి మింగేశాడు. "చూశారా మేడం? ఏమైనా అయిందా నాకు?" అని చేతులు చాచి నిలబడ్డాడు, ఘనకార్యం చేసినట్టు.

మాస్టరు నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసి డబ్బీలో వేశాడు. ఆ రేకు డబ్బాని బావ కత్తెర మొనతో నెట్టిన రోజు ఆయన అక్కడే ఉన్నాడు.

"అబ్బ, ఎంత ధైర్యం వచ్చింది బావా నీకు!" అంది మీడియం. "రెండేళ్ళుగా ఈ డబ్బా ముట్టుకుంటే పిచ్చెక్కుతుందని వణికి చచ్చినవాడివి, ఇవాళ రెండు నమిలేశావ్. ఎలాగబ్బా? ఇందులో అక్క మోకాళ్ళ మాత్రలున్నాయని ముందే తెలిస్తే తప్ప!"

బావ ఏదో అనబోయి నోరు తెరిచాడు. పంటికి అంటుకున్న తెల్లపొడి కనిపించింది.

అక్కే ముందు బయటపడింది. "నీ మంచికేనే!" అని ఏడుపు మొదలుపెట్టింది. "నువ్వు బాగైపోయావు కదా, ఇంకా ఎందుకు అన్నారు మీ బావ. ఒక్క సీజనేగా అనుకున్నానే. శాంపిల్ అయిపోగానే మళ్ళీ ఇచ్చేద్దామనుకున్నా. కుట్టు విప్పి మళ్ళీ వేసినట్టే కదా అనుకున్నా."

మీడియం కోటు చేతిలోంచి ఎడమ చెయ్యి చాపి, సగం చిటికెనవేలు అక్క మొహం ముందు పెట్టింది. "ఇదీ అలా విప్పిందే. మళ్ళీ వెయ్యి, చూస్తాను."

అక్క ఏడుపు ఆగిపోయింది.

"పొద్దున కత్తి మిషను నాతో మాట్లాడింది," అంది మీడియం. "ఈ చెయ్యి వెళ్ళి బల్ల మీద ఉంది. ఎలా వెళ్ళిందో నాకు తెలీదు. తెలిసిందా? మీకు నడుము కావాలి. నడుముకి పైన ఓ తలకాయ ఉంటుందని, అది నాదని, దాంతో నేను బతకాలని మీకు ఒక్కరోజైనా తోచిందా? మాస్టారూ, మీరూ అంతే. నడుము కొలత తగ్గుతూ వచ్చిందిగా, మీ చేతిలోనే ఉందిగా టేపు?"

మాస్టరు తల దించుకున్నాడు. "అనుమానం వచ్చిందమ్మా. మనకెందుకులే అనుకున్నా," అన్నాడు.

"అవును, ఎవరికెందుకు!" అంది మీడియం. "అక్కా, అసలు మాత్రలేం చేశావ్? పారేశావా?"

"లేదే, బీరువాలో ఉన్నాయి."

"తీసుకురా."

అక్క మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కి, రేకుల కట్ట తెచ్చింది. మీడియం ఒక మాత్ర ఊడదీసి నాలిక కొనకి తాకించింది. ఆ చేదుకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంత హాయైన చేదు లోకంలో ఇంకోటి ఉంటుందని ఆవిడ అనుకోలేదు. మిగతా రేకుల్ని ఇక ఎవరికీ ఇవ్వకూడదని కోటు జేబులో పెట్టుకోబోయింది. మూత ఎత్తితే లోపల జేబు లేదు. "ఛీ, నీ బతుకు!" అని బావ వైపు చూడకుండానే రేకుల్ని చేతిలోనే పట్టుకుంది.

"ఇప్పుడే డాక్టరు దగ్గరికి వెళ్తున్నా, నేనొక్కదాన్నే. ఇన్నాళ్ళు ఆగిన మందు మళ్ళీ ఎలా మొదలుపెట్టాలో ఆయన చెప్పాలి. నడవండి అంటాడు, అననీ. ఆ పుల్లముక్క తలెత్తి నా మొహం చూసి వేరే మాత్ర సంగతి తేల్చేదాకా ఆ కుర్చీలోంచి లేవను. ఇప్పుడు కుర్చీలో పట్టే ఒళ్ళే ఉందిగా!"

మేడం ఇంతసేపూ చేతిసంచి గుండెకి హత్తుకుని నిలబడింది. ఆవిడ గొంతు సవరించుకుని, "మీ ఇంటి గొడవలు నాకెందుకు గానండీ... మరి శాంపిల్ సంగతి?" అంది.

చూశారా మనిషిని! మీడియానికి ఆవిడని తిట్టడానికి కూడా బుద్ధి పుట్టలేదు. పీట మీదే చేతులు పైకెత్తింది, దించింది, గొంతుక్కూర్చుని లేచింది.

"భుజం బాగుంది. చంక కింద పట్టేస్తోంది. పొట్ట దగ్గర బొత్తం అందంగా ఉంది గానీ అన్నం తిన్నాక పెట్టుకోలేరు," అంది. "మాస్టారూ, అట్ట కొయ్యండి. కానీ పక్క కుట్లలో గుడ్డ వదలండి. ఈయన లెక్కన గోరంత కాదు, మీ పాత లెక్కన."

"ఏయ్, ఒక్క కోటుకి అంత గుడ్డంటే..." అని బావ నోరు విప్పబోయాడు. ఎవరూ అటు తిరగలేదు.

మాస్టరు సుద్దముక్క అందుకున్నాడు. "ఎంత వదలమంటావమ్మా?" అని అడిగాడు.

"బాగా వదలండి," అంది మీడియం పీట దిగుతూ. "నేను మళ్ళీ లావవుతాను."